ఇంటర్నెట్ ఎవరు కనిపెట్టారు? తరచుగా అడిగే ప్రశ్నలు, తెగని తగవులు

వాట్సాప్‌లో ఈ విషయం మీద మూడు రకాల ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. ఇంటర్నెట్ అమెరికా సైన్యం అణుయుద్ధం కోసం కట్టిందని ఒకటి, టిమ్ బెర్నర్స్-లీ ఒక్కడే కనిపెట్టాడని ఇంకొకటి, అసలు చేసింది మన భారతీయుడేనని మరొకటి. మూడింట్లోనూ కాస్త నిజం ఉంది, ఆ నిజం ఉండాల్సిన చోట లేదు. ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు కింద ఇస్తున్నాను. తగవు ఉన్నచోట నా పక్షం ఏమిటో కూడా చెప్పాను.

ఒక్క ముక్కలో చెప్పండి. ఇంటర్నెట్‌ను ఎవరు కనిపెట్టారు?

ఒక్క పేరుతో తేలదు. రెండు పేర్లకు ఒప్పుకుంటే బాబ్ కాన్, వింట్ సెర్ఫ్. కంప్యూటర్లను తీగలతో కలిపి నెట్‌వర్క్ కట్టినవాళ్ళు వీళ్ళకు ముందూ ఉన్నారు, వీళ్ళ కాలంలోనూ ఉన్నారు. కానీ ఒకదానితో ఒకటి పొసగని నెట్‌వర్క్‌లను, వాటి లోపల ఏమీ మార్చకుండా కలిపే పద్ధతిని 1973-74లో కాగితం మీద పెట్టింది వీళ్ళిద్దరు. నెట్‌వర్క్ కట్టడం వేరు, నెట్‌వర్క్‌లను కలపడం వేరు. ఈ తేడా పట్టుకుంటే మిగతా తగవులు సగం వాటంతటవే తేలిపోతాయి.

పోటీ పరీక్షలో "ఇంటర్నెట్ పితామహుడు" అని అడిగితే ఏది టిక్ పెట్టాలి?

వింట్ సెర్ఫ్. టెన్షన్ వద్దు, కీలో దాదాపు ఎప్పుడూ ఆయన పేరే ఉంటుంది. కాన్‌కు ఇది అన్యాయమే, కానీ మార్కులు ముఖ్యం. ప్రశ్నలో "వరల్డ్ వైడ్ వెబ్" అని ఉంటే మాత్రం టిమ్ బెర్నర్స్-లీ.

రెండూ ఒకటి కాదా?

కాదు. ఇంటర్నెట్ అంటే కంప్యూటర్ల మధ్య సమాచారం కదిలే ఏర్పాటు. వెబ్ అంటే ఆ ఏర్పాటు మీద నడిచే అనేక సేవల్లో ఒకటి, అంటే లింకులతో అల్లుకున్న పేజీలు. ఇ-మెయిల్, ఫైళ్ళ బదిలీ వెబ్‌కన్నా దాదాపు 20 ఏళ్ళు పెద్దవి. బెర్నర్స్-లీ జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రంలో పనిచేస్తూ 1989 మార్చిలో తన ప్రతిపాదన రాశారు. 1990 చివరికి మొదటి వెబ్ సర్వర్, మొదటి బ్రౌజర్ తయారయ్యాయి. అప్పటికి ఇంటర్నెట్ నడుస్తూనే ఉంది. అది లేకపోతే వెబ్ నిలబడేది కాదు. వెబ్ రాకపోతే ఇంటర్నెట్ మన ఇళ్ళదాకా ఇంత త్వరగా వచ్చేదీ కాదు.

మరి మొదటి ఆలోచన ఎవరిది?

జె. సి. ఆర్. లిక్‌లైడర్‌ది అనొచ్చు. ఆయన ఇంజనీరు కాదు, చదివింది మనస్తత్వశాస్త్రం. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేశాక, కంగారుపడ్డ అమెరికా రక్షణ శాఖ 1958లో అర్పా అనే పరిశోధనా సంస్థను పెట్టింది. అందులో కంప్యూటర్ల విభాగానికి 1962లో లిక్‌లైడర్ అధిపతి అయ్యారు. మరుసటి ఏడాది తన దగ్గర నిధులు తీసుకునే పరిశోధకులందరికీ ఒక మెమో పంపారు. దాంట్లో వాళ్ళను "నక్షత్రమండలాంతర కంప్యూటర్ నెట్‌వర్క్" సభ్యులంటూ సరదాగా పిలిచారు. వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలన్నదే ఆ మెమోలో ఆయన బెంగ.

ఆ ఆలోచనకు డబ్బు సంపాదించింది బాబ్ టేలర్. 1966లో అదే విభాగానికి అధిపతి. పెంటగన్‌లో ఆయన గదిలో మూడు టెర్మినళ్ళు ఉండేవి, ఒక్కోటి ఒక్కో ఊళ్ళోని ఒక్కో కంప్యూటర్‌కు. ఒకదాంట్లో మాట్లాడేవాడితో ఇంకోదాంట్లోంచి మాట్లాడాలంటే కుర్చీ మారాలి, వేరే కమాండ్లు నేర్చుకోవాలి. విసిగిపోయి పై అధికారి చార్లెస్ హెర్జ్‌ఫెల్డ్ దగ్గరకు వెళ్తే, 20 నిమిషాల్లో 10 లక్షల డాలర్లు మంజూరయ్యాయని టేలర్ తర్వాత చెప్పుకునేవారు.

అణుబాంబు పడినా పనిచేయాలని కట్టారు కదా?

ఈ కథ చావదు. రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి పుట్టిన కథ ఇది.

అణుదాడి తర్వాత కూడా తెగిపోని సమాచార వ్యవస్థ ఎలా ఉండాలని నిజంగానే తలబద్దలు కొట్టుకున్నది పాల్ బారన్, అమెరికా రక్షణ వ్యవహారాల మీద పరిశోధన చేసే ర్యాండ్ సంస్థలో. మధ్యలో ఒక పెద్ద కేంద్రం ఉంటే దాన్ని కొడితే చాలు, అంతా ఆగిపోతుంది. అందుకని వల లాంటి అల్లిక కావాలని, సందేశాన్ని చిన్న ముక్కలు చేసి, ఏ దారి దొరికితే ఆ దారిలో పంపాలని ఆయన 1964లో 11 సంపుటాల్లో రాశారు. టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ ఇంజనీర్లు అది పనిచేయదన్నారు. తర్వాత వాయుసేన ముందుకొచ్చింది గానీ, ఆ పని చేతగాని శాఖ చేతికి పోతుందని తెలిసి బారన్ తనే వెనక్కి తగ్గారు. అలా అది ఎప్పుడూ కట్టని నెట్‌వర్క్‌గా మిగిలింది.

నిజంగా కట్టింది అర్పానెట్, అంటే అర్పా సొంత నెట్‌వర్క్. టేలర్ దాన్ని కట్టించింది కంప్యూటర్లు విపరీతమైన ఖరీదు కాబట్టి. ప్రతి విశ్వవిద్యాలయమూ తనకో పెద్ద కంప్యూటర్ కావాలని అర్పాను అడుగుతోంది. ఉన్నవాటినే అందరూ దూరం నుంచి వాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. డబ్బు రక్షణ శాఖది, ఉద్దేశం మాత్రం పొదుపు, పరిశోధన. బారన్ ఆలోచన తర్వాత అందులో కలిసింది. ఆయన భయం మాత్రం అందులో కలవలేదు.

ప్యాకెట్ స్విచింగ్ అంటే ఏమిటి? అది ఎవరిది?

పెళ్ళివారంతా ఒకే బస్సులో, దారి పొడవునా వేరే బండి రాకుండా రోడ్డు మూసేసి వెళ్ళడం పాత టెలిఫోన్ పద్ధతి. ఎవరికి దొరికిన ఆటోలో, కారులో వాళ్ళు, ఖాళీగా ఉన్న దారిన కల్యాణ మండపానికి చేరి, అక్కడ మళ్ళీ వరసలో కూర్చోవడం ప్యాకెట్ పద్ధతి. ఇక్కడ పెళ్ళివారే సందేశపు ముక్కలు, అంటే ప్యాకెట్లు. ఒక దారిలో ట్రాఫిక్ జామ్ అయితే ఇంకో దారి ఉంటుంది. రోడ్డు కూడా అందరిదీ.

ఇక ఎవరిది అన్న ప్రశ్న. ఇక్కడ పెద్దమనుషులే గట్టిగా గొడవపడ్డారు. బారన్ సంగతి చూశాం. ఆయన గురించి ఏమీ తెలియకుండా, 1965లో బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో డొనాల్డ్ డేవిస్ అదే ఆలోచనకు వచ్చారు. ఆయనకు యుద్ధంతో పనిలేదు. కంప్యూటర్ల మధ్య సంభాషణ ఉండుండి వచ్చే చిన్న చిన్న విడతల్లో సాగుతుంది, దానికోసం ఫోన్ లైను గంటల తరబడి పట్టి ఉంచడం దండగ అన్నది ఆయన లెక్క. "ప్యాకెట్" అన్న పేరు ఆయన పెట్టిందే. మూడో మనిషి లియొనార్డ్ క్లైన్‌రాక్. 1960ల మొదట్లో ఎమ్ఐటీలో సందేశాలు క్యూలో ఎలా ఆగుతాయి, ఎంత ఆలస్యమవుతాయి అన్న గణితం మీద డాక్టరేట్ చేశారు. 1990లలో, తనదే మొదటి ప్యాకెట్ స్విచింగ్ సిద్ధాంతం అనడం మొదలుపెట్టారు. డేవిస్ దాన్ని ఒప్పుకోలేదు. 2000లో ఆయన చనిపోయాక అచ్చయిన వ్యాసంలో, క్లైన్‌రాక్ పాత రచనల్లో సందేశాన్ని ముక్కలు చేయడం గురించి తనకేమీ కనబడలేదని రాసిపెట్టి వెళ్ళారు. బారన్ కూడా క్లైన్‌రాక్ వాదనను ఒప్పుకోలేదు.

నా వరకు బారన్‌కు, డేవిస్‌కు చెరిసగం. క్లైన్‌రాక్ గణితం గొప్పదే, నెట్‌వర్క్ పనితీరును కొలవడానికి అది అవసరం కూడా. కానీ కొలిచినవాడూ కట్టినవాడూ ఒకరు కారు.

ఈ ఆలోచనలు అమెరికా ప్రాజెక్టులోకి ఎలా చేరాయన్నది ఇంకా ఆసక్తికరం. 1967 అక్టోబర్‌లో టెనెసీ రాష్ట్రంలోని గాట్లిన్‌బర్గ్‌లో ఒక సదస్సు జరిగింది. అర్పానెట్ బాధ్యత తీసుకున్న ల్యారీ రాబర్ట్స్ అక్కడ తన ప్రణాళిక చదివారు. అదే సదస్సులో డేవిస్ బృందం తరఫున రోజర్ స్కాంటిల్‌బరీ కూడా పత్రం సమర్పించారు. అందులో వివరాలు రాబర్ట్స్ దానికన్నా ఎక్కువ ఉన్నాయి. బారన్ రాసింది చదవమని ఒక అమెరికన్‌కు చెప్పింది ఈ ఇంగ్లీషాయనే. బారన్ నివేదికలు అమెరికాలోనే బీరువాల్లో ఉన్నాయి మరి.

1969లో మొదటి సందేశం "లో" అని విన్నాను. నిజమా?

నిజమే. 1969 అక్టోబర్ 29 రాత్రి పదిన్నరకు లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ నుంచి చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న బిల్ డువాల్ కంప్యూటర్‌కు లాగిన్ అవ్వబోయారు. ఎల్ వెళ్ళింది, ఓ వెళ్ళింది, అవతలి కంప్యూటర్ పడిపోయింది. గంట తర్వాత సరిచేసి మళ్ళీ కలిపారు. డిసెంబర్‌కు శాంటా బార్బరా, యూటా కలిసి నాలుగు కేంద్రాలయ్యాయి. మధ్యలో ప్యాకెట్లను దారి మళ్ళించే ఫ్రిజ్ అంత యంత్రాలను తయారుచేసింది బీబీఎన్ అనే కంపెనీలో ఫ్రాంక్ హార్ట్ బృందం. బాబ్ కాన్ అప్పుడు ఆ కంపెనీలోనే ఉన్నారు.

అర్పానెట్ నడుస్తోంది కదా, మరి కాన్, సెర్ఫ్ కొత్తగా చేసిందేమిటి?

అసలు విషయం ఇక్కడుంది, కొంచెం ఓపికగా చదవండి.

అర్పానెట్ ఒక్క నెట్‌వర్క్. దాని యంత్రాలు ఒకే కంపెనీవి, లైన్లు ఒకే సంస్థవి. ప్యాకెట్ తప్పిపోతే మళ్ళీ పంపించే బాధ్యత నెట్‌వర్కే తీసుకుంటుంది. 1970ల మొదట్లో అర్పా ఇంకో రెండు నెట్‌వర్క్‌ల మీద పని మొదలుపెట్టింది. ఒకటి రేడియోతో, కదిలే వాహనాల కోసం. ఇంకొకటి ఉపగ్రహంతో, అట్లాంటిక్ దాటడానికి. మూడింటి వేగాలు వేరు, ప్యాకెట్ సైజులు వేరు. రేడియోలో వ్యాను సొరంగంలోకి వెళ్తే ప్యాకెట్ గాలిలో కలిసిపోతుంది. మూడూ ఒకదానికొకటి పరాయివి.

కాన్ 1972 చివర్లో అర్పాలో చేరి, ఈ మూడింటినీ కలపడానికి కొన్ని నియమాలు పెట్టుకున్నారు. కలవడం కోసం ఏ నెట్‌వర్కూ తన లోపల మార్పులు చేసుకోకూడదు. ప్యాకెట్ చేరితే చేరినట్టు, చేరకపోతే పంపినవాడే మళ్ళీ పంపుకోవాలి. నెట్‌వర్క్‌ల సరిహద్దుల్లో ఉండే గేట్‌వేలు తమ గుండా వెళ్ళినదాన్ని గుర్తుపెట్టుకోకూడదు. మొత్తం మీద అజమాయిషీ చేసే కేంద్రం ఉండకూడదు. ఇంటర్నెట్ ఇవాళ ఎందుకు ఇలా ఉందో ఈ నాలుగు వాక్యాల్లోనే ఉంది. అనుమతి అడగకుండా ఎవరైనా కొత్త నెట్‌వర్క్‌ను తగిలించుకోగలగడానికి కారణం చివరి నియమం.

ఈ పని చేయడానికి కాన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న సెర్ఫ్‌ను పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం 1974 మేలో అచ్చయింది. ఎవరి పేరు ముందు ఉండాలన్నది నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. పరీక్షల్లో సెర్ఫ్ ముందుండటానికి ఆ నాణెం కూడా కొంత కారణమేమో!

1977 నవంబర్ 22న అసలు పరీక్ష జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో రోడ్డు మీద వెళ్తున్న వ్యాను నుంచి ప్యాకెట్లు రేడియో ద్వారా అర్పానెట్‌లోకి, అక్కణ్ణుంచి ఉపగ్రహం మీదుగా యూరప్‌కు, మళ్ళీ వెనక్కి లాస్ ఏంజెలిస్‌కు చేరాయి. దాదాపు 1,50,000 కిలోమీటర్ల ప్రయాణం, ఒక్క బిట్ కూడా పోలేదు. పుట్టినరోజు పెట్టమంటే నేను దీన్నే పెడతాను. 1969 కాదు.

అంతా అమెరికావాళ్ళేనా?

కాదు. ప్యాకెట్ తప్పిపోవచ్చు, దాన్ని సరిచూసుకోవాల్సింది చివర్లో ఉన్న కంప్యూటర్లే అన్న ఆలోచనను ముందు పూర్తిగా అమలు చేసి చూపింది ఫ్రాన్స్‌లో లూయీ పూజాన్, తన సిక్లాద్ నెట్‌వర్క్‌లో. ఆయన బృందంలోని జెరార్ ల లాన్ స్టాన్‌ఫర్డ్ వచ్చి సెర్ఫ్‌తో పనిచేశారు కూడా. ఫ్రాన్స్ ప్రభుత్వం మాత్రం తన తంతి తపాలా శాఖ మాట విని, 1970ల చివర్లో సిక్లాద్‌కు నిధులు ఆపేసింది. లండన్‌లో పీటర్ కిర్‌స్టీన్ 1973లోనే అర్పానెట్‌కు లైను తెచ్చుకుని, అట్లాంటిక్ అవతలి కొసను ఏళ్ళ తరబడి నిలబెట్టారు. 2013లో బ్రిటన్ రాణి పేరిట ఇచ్చే ఇంజనీరింగ్ బహుమతిని కాన్, సెర్ఫ్, బెర్నర్స్-లీలతో పాటు పూజాన్‌కూ, మొజాయిక్ బ్రౌజర్ రాసినవారిలో ఒకరైన మార్క్ ఆండ్రీసన్‌కూ పంచారు. నాకైతే ఆ జాబితాలో పూజాన్ పేరు చూసినప్పుడు ఇన్నాళ్ళకైనా అనిపించింది.

సోవియట్ యూనియన్ ఎందుకు చేయలేకపోయింది?

తెలివి లేక కాదు. కీవ్‌లో విక్టర్ గ్లుష్కోవ్ 1962 నుంచి దేశమంతటినీ కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్ కోసం పోరాడారు. దాంతో ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థను నడపాలన్నది ఆయన కల. శాఖల మధ్య కుమ్ములాటల్లో అది నలిగిపోయింది. 1970లో పాలిట్‌బ్యూరో దాన్ని బాగా కుదించేసింది. అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో పరిశోధకులు కలిసి పనిచేస్తే, సోవియట్‌లో ప్రభుత్వ శాఖలే ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. విచిత్రంగా ఉంటుంది వింటే.

1983 జనవరి 1 సంగతేమిటి?

ఆ రోజు అర్పానెట్ తన పాత పద్ధతిని వదిలేసి పూర్తిగా టీసీపీ, ఐపీ పద్ధతికి, అంటే కాన్, సెర్ఫ్ వ్యాసం నుంచి పెరిగిన నియమాలకు మారింది. చెప్పినంత సులువుగా ఎవరూ మారలేదు. గడువు దగ్గరపడుతున్నా కదలని వాళ్ళను దారికి తేవడానికి 1982లో పాత పద్ధతిని కాసేపు ఆపేసి చూపించాల్సి వచ్చింది. గట్టెక్కినవాళ్ళకు "మార్పును తట్టుకుని బతికాను" అన్న అర్థంతో బ్యాడ్జీలు కూడా వచ్చాయి. అదే ఏడాది పాల్ మొకాపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించారు. అంకెల చిరునామాల బదులు మనం పేర్లు టైప్ చేస్తున్నామంటే ఆయన పుణ్యమే.

ప్రభుత్వం కట్టిందా, ప్రైవేటు కంపెనీలు కట్టాయా?

మొదటి పాతికేళ్ళ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వానిది. 1970ల మొదట్లో అర్పానెట్‌ను తీసుకోమని రాబర్ట్స్ ఏటీ అండ్ టీని అడిగితే వాళ్ళు వద్దన్నారు. 1980ల మధ్యలో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ విశ్వవిద్యాలయాల కోసం ఎన్ఎస్ఎఫ్‌నెట్ మొదలుపెట్టింది. దానికి టీసీపీ, ఐపీ తప్పనిసరి అని 1985లో తేల్చింది డెనిస్ జెన్నింగ్స్ అనే ఐర్లాండ్ ఆయన. ఈ పేరు ఎవరికీ గుర్తుండదు. కానీ ఆయన ఇంకోటి ఎంచుకుని ఉంటే కాన్, సెర్ఫ్ పద్ధతి పరిశోధనా పత్రాల్లోనే మిగిలిపోయే ప్రమాదం ఉండేది. ఎన్ఎస్ఎఫ్‌నెట్‌ను 1995 ఏప్రిల్ 30న ఆపేసి, పని కంపెనీలకు వదిలేశారు. కంపెనీలు ఇంటర్నెట్‌ను పెంచాయి, సందేహం లేదు. పుట్టించింది మాత్రం పన్నులు కట్టిన జనం డబ్బు.

"ఇంటర్నెట్ నేనే కనిపెట్టాను" అని అల్ గోర్ అన్నాడట?

ఆ మాట అనలేదు. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు గోర్ 1999 మార్చిలో సీఎన్ఎన్ ఇంటర్వ్యూలో, తాను పార్లమెంటు సభ్యుడిగా ఉన్నప్పుడు ఇంటర్నెట్‌ను సృష్టించడంలో చొరవ తీసుకున్నానన్నారు. మాట తీరు బాగాలేదు, ఎన్నికల వేళ ప్రత్యర్థులకు దొరికిపోయారు. కానీ 1991లో ఆయన ముందుండి తెచ్చిన చట్టం వేగవంతమైన నెట్‌వర్క్‌లకు నిధులిచ్చింది, మొజాయిక్ తయారీకి కూడా ఆ డబ్బు ఉపయోగపడింది. ఎన్నికైన నాయకుల్లో ఇంత ముందుగా దీన్ని పట్టించుకున్నవారు అరుదని కాన్, సెర్ఫే ఆయన తరఫున రాశారు.

ఇ-మెయిల్ కనిపెట్టింది మన భారతీయుడేనా?

శివ అయ్యదురై 1978లో, 14 ఏళ్ళ వయసులో, అమెరికాలో ఒక వైద్య కళాశాల కోసం "ఈమెయిల్" అన్న పేరుతో ఒక ప్రోగ్రామ్ రాశారు. 1982లో దానికి కాపీరైట్ తీసుకున్నారు. ఆ వయసులో అది మెచ్చుకోదగ్గ పనే. కానీ కాపీరైట్ ఆ ప్రోగ్రామ్ కోడ్‌కే, ఆలోచనకు కాదు. రే టాంలిన్సన్ 1971లోనే నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మెయిల్ పంపి, చిరునామాలో @ గుర్తు పెట్టారు. మన పేరు ఉందని చరిత్ర తేదీలు వెనక్కి జరగవు.

మరి భారతీయుల పాత్ర ఏమీ లేదా?

ఉంది. దాన్ని వదిలేసి ఇ-మెయిల్ గొడవ ఎందుకు పట్టుకుంటారో అర్థం కాదు. ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీ తొలి నిర్దేశాన్ని 1971లో రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి. టీసీపీ మొదటి పూర్తి నిర్దేశం 1974 డిసెంబర్‌లో వచ్చింది. దాని మీద ఉన్న మూడు పేర్లు సెర్ఫ్, యోగెన్ దలాల్, కార్ల్ సన్‌షైన్. దలాల్ ఐఐటీ బాంబేలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో సెర్ఫ్ దగ్గర పరిశోధన చేశారు.

దేశంలో పని విద్యా, పరిశోధనా సంస్థల నెట్‌వర్క్ అయిన ఎర్నెట్‌తో 1986లో మొదలైంది, ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం డబ్బుతో. అయిదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయిలోని సాఫ్ట్‌వేర్ పరిశోధనా కేంద్రం ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలో ఆ శాఖ, ఇవీ తొలి ఎనిమిది. హైదరాబాద్ అందులో లేదు. మామూలు జనానికి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

తెలుగు ఎప్పుడు చేరింది?

వెబ్ ఇంకా పాకుతున్న రోజుల్లోనే. అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు యూజ్‌నెట్ చర్చా బృందాల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. ఎవరి స్పెల్లింగ్ వారిది కావడంతో చదవడం నరకం. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్ళు ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి తయారుచేసి ఆ తిప్పలు తగ్గించారు. ప్రపంచ లిపుల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్ 1991 మొదటి కూర్పులోనే తెలుగు లిపి ఉంది. అయినా కంప్యూటర్లలో అది సరిగ్గా కనబడటానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇన్ని పేర్లలో ఆడవాళ్ళు ఒక్కరూ లేరే?

ఉన్నారు, ఫొటోల్లో తక్కువ కనిపిస్తారు. డొమైన్ పేర్లు రాకముందు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నిటి పట్టికను నిర్వహించింది ఎలిజబెత్ ఫైన్లర్ బృందం. కొత్త కంప్యూటర్ పెట్టినవాళ్ళు ఎవరైనా ఆవిడ ఆఫీసుకే చెప్పుకోవాలి. రేడియా పెర్ల్‌మన్ 1985లో రాసిన స్పానింగ్ ట్రీ పద్ధతి లేకపోతే, ఆఫీసుల్లోని నెట్‌వర్క్‌లు పెద్దవయ్యేకొద్దీ ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ ఊపిరాడకుండా చేసేవి.

వీళ్ళంతా దీంతో కోటీశ్వరులయ్యారా?

కొందరు అయ్యారు. ఆండ్రీసన్ కంపెనీ నెట్‌స్కేప్ 1995 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు వెళ్ళింది, డబ్బు బాగా వచ్చింది. కాన్, సెర్ఫ్ తమ పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు. ఎవరైనా చదివి అమలు చేసుకునేలా పత్రాలు బయటపెట్టారు. సెర్న్ 1993 ఏప్రిల్ 30న వెబ్‌ను ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదంటూ ప్రజలపరం చేసింది. అప్పటికి వెబ్‌కు గట్టి పోటీ మిన్నెసోటా విశ్వవిద్యాలయం చేసిన గోఫర్. మెనూల్లోంచి సమాచారం వెతుక్కునే పద్ధతి అది, అప్పట్లో వెబ్‌కన్నా ఎక్కువమందే వాడేవారు. అదే ఏడాది ఆ విశ్వవిద్యాలయం, గోఫర్ సర్వర్ వాడే కొందరి దగ్గర లైసెన్స్ ఫీజు తీసుకుంటామని ప్రకటించింది. ఫీజు పెద్దదేం కాదు. కానీ జనం వెబ్ వైపు మళ్ళారు, ఇవాళ గోఫర్ పేరు చెప్తే గుర్తుపట్టేవాళ్ళే తక్కువ.